రాని ఉద్యోగానికి ముందే సాక్ష్యం చెప్పాలా?

ఉప్పల్_కుర్రోడు (బుధవారం, రాత్రి 10:42)

అందరికీ వందనాలు. మార్చిలో నా ఉద్యోగం పోయింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, తొమ్మిదేళ్ల అనుభవం. మా టీమ్‌లో పదకొండు మందిని ఒక్క వీడియో కాల్‌లో ఇంటికి పంపేశారు. నాలుగు నెలలైంది. ఇంటి లోను ఈఎంఐ ఇంకో రెండు నెలలు కట్టగలను, ఆ తర్వాత తెలీదు.

నేను అడగాలనుకున్నది ఉద్యోగం గురించి కాదు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరు గారు పక్కకి పిలిచి, "వచ్చే వారం ముందుకొచ్చి సాక్ష్యం చెప్పు బాబూ. ఉద్యోగం వచ్చేసినట్టే విశ్వాసంతో చెప్పు. దేవుడు ఆ మాటను ఘనపరుస్తాడు" అన్నారు. సాక్ష్యం అంటే తెలియనివాళ్లకి, దేవుడు మనకి చేసిన మేలుని సంఘం ముందు నిలబడి చెప్పడం. ఆయన చెడ్డవారు కాదు. నాన్న పోయినప్పుడు మూడు రాత్రులు మా ఇంట్లోనే పడుకున్నారు. అందుకే అక్కడికక్కడ కాదనలేకపోయాను.

ఇంటికొచ్చినప్పటి నుంచి గొడవే. చెప్పకపోతే అవిశ్వాసం అంటుంది అమ్మ. చెబితే అబద్ధం అంటుంది మా ఆవిడ. నాకైతే పాట పాడటానికే నోరు రావట్లేదు, ఇక సాక్ష్యం ఎక్కడ. ఆదివారానికి నాలుగు రోజులుంది. ఏం చేయమంటారు?

కాకినాడ_అక్క (బుధవారం, రాత్రి 11:15)

తమ్ముడూ, అమ్మ చెప్పిందే రైటు. బైబిల్లో యెరికో కోట గోడ పడ్డాక కేకలు వేశారా, పడకముందు వేశారా? యెహోషాపాతు రాజు యుద్ధానికి వెళ్లేటప్పుడు సైన్యానికి ముందు ఎవర్ని నిలబెట్టాడు? పాడేవాళ్లని. చనిపోయిన లాజరు సమాధిలోంచి బయటికి రాకముందే ప్రభువు తండ్రికి కృతజ్ఞత చెప్పాడు, యోహాను పదకొండో అధ్యాయం తీసి చూసుకో. చేతిలోకొచ్చాక థ్యాంక్స్ చెప్పడానికి విశ్వాసం దేనికి, మర్యాద చాలు.

నోరు రాకపోయినా పాడు. పాడుతుంటే వస్తుంది. చెబుతున్నది ఊరికే కాదు, నేను అలా బతికినదాన్ని.

ప్రశ్నార్థకం (బుధవారం, రాత్రి 11:31)

నేను ఏ దేవుణ్ణీ నమ్మను, అందుకని ముందే క్షమాపణ. ఒక్క చిన్న లెక్క. మీ సంఘంలో ఉద్యోగాలు పోయినవాళ్లు పది మంది ఉన్నారనుకోండి. నలుగురికి మళ్లీ వచ్చింది, మైకు పట్టుకున్నారు. మిగతా ఆరుగురు ఎక్కడున్నారు? వెనక బెంచీలో. లేదా రావడమే మానేశారు. మైకులో వినిపించేదంతా నలుగురి గొంతే కాబట్టి అందరికీ వస్తుందనిపిస్తుంది.

ఈ విషయంలో చిలుకూరు బాలాజీయే నయం. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, పనయ్యాకే 108. హుండీ కూడా లేదు. ముందస్తు రసీదులు అడగడు.

కాకినాడ_అక్క (బుధవారం, రాత్రి 11:38)

నమ్మనివాళ్లకి నమ్మకం మీద ఇన్ని లెక్కలెందుకో. సరే, కానివ్వండి.

లెక్కల_మాస్టారు (గురువారం, ఉదయం 6:05)

రిటైరైనా తెల్లవారుజామున లేచే అలవాటు పోలేదు. ఇదంతా ఇప్పుడే చదివాను.

అమ్మా కాకినాడ అక్క గారూ, మీ మూడు ఉదాహరణలూ మంచివే. కాకపోతే మూడింటిలోనూ ఒక సంగతి కలుస్తుంది. యెరికోలో ఏడో రోజు ఏడుసార్లు తిరగమని ముందే మాట వచ్చింది. యెహోషాపాతుకు ప్రవక్త నోట ముందే మాట వచ్చింది. లాజరు దగ్గర మాట్లాడింది ప్రభువే. మన ఉప్పల్ బాబుకి ఎవరు చెప్పారు, ఫలానా తారీఖుకి ఆఫర్ లెటర్ వస్తుందని?

దీనికి దగ్గరగా ఉన్న కథ యిర్మీయా ప్రవక్త గ్రంథం 28లో ఉంది, దాని మీద ప్రసంగాలు తక్కువ. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో నిలబడి, మన మీదున్న బబులోను రాజు కాడి విరిగిపోయింది, రెండేళ్లలో మందిరపు సామానంతా తిరిగొస్తుందని ప్రకటించాడు. జనానికి అంతకంటే ఇంపైన మాట ఏముంటుంది? యిర్మీయా కూడా మొదట "ఆమేన్, అలాగే జరుగును గాక" అన్నాడు. తర్వాత అది దేవుడు పంపిన మాట కాదని తేలింది, హనన్యా ఆ ఏడాదే చనిపోయాడు. పక్క అధ్యాయంలో యిర్మీయా బబులోను చెరలో ఉన్నవాళ్లకి ఉత్తరం రాస్తాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, డెబ్బై ఏళ్లు పడుతుందని. వాగ్దాన కార్డుల మీద మనం అచ్చేసుకునే "సమాధానకరమైన ఉద్దేశములు" ఈ ఉత్తరంలోదే. పైనున్న డెబ్బై ఏళ్లు మాత్రం కార్డు మీద వేయరు.

అదే యిర్మీయా 32లో పొలం కొన్నాడు. బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ ఉంది, తను చెరసాల ప్రాకారంలో ఉన్నాడు, అయినా అనాతోతులో పినతండ్రి కొడుకు పొలానికి పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షులతో సంతకాలు పెట్టించి, పత్రాలు మట్టి కుండలో దాయించాడు. ఇది నాకు నచ్చే విశ్వాసం. శత్రువు వెళ్లిపోయాడని ఆయన అనలేదు. శత్రువు అక్కడే ఉన్నాడు, రిజిస్ట్రేషనూ అయింది.

కాబట్టి బాబూ, మీ ఆవిడ మాటే నాది.

భద్రాద్రి_బాబు (గురువారం, ఉదయం 9:20)

నేను హిందువుని, మీ చర్చి సంగతుల్లో తలదూర్చను. "పాడటానికి నోరు రావట్లేదు" అన్నాడే, ఆ మాట దగ్గర ఆగిపోయా. మా ఊరి కంచెర్ల గోపన్న, అదే రామదాసు, గోల్కొండ జైల్లో ఉండి రాముణ్ణి ఏమని పాడాడు? స్తుతి ఒక్కటేనా? నీకు ఫలానా నగ చేయించా, దానికింతయింది, సీతమ్మకి చేయించినదానికి ఇంతయింది అని లెక్క చెప్పాడు. ఎవరి సొమ్మనుకుని పెట్టుకు తిరుగుతున్నావని తిట్టాడు. తర్వాత దెబ్బలకి ఓర్వలేక తిట్టాను, ఏమనుకోకని బతిమాలుకున్నాడు. ఆ తిట్లని కూడా మనం మూడున్నర శతాబ్దాలుగా భక్తి అనే పాడుకుంటున్నాం. తిట్టేంత చనువు ఉంటే నమ్మకం లేనట్టా?

ఉప్పల్_కుర్రోడు (గురువారం, ఉదయం 9:34)

అన్నా, ఇది చదివి నాలుగు నెలల్లో మొదటిసారి నవ్వాను.

గుండ్లకమ్మ_మనవరాలు (గురువారం, మధ్యాహ్నం 2:10)

మాది ఒంగోలు దగ్గర. ఈ ప్రశ్నకి మా జిల్లాలో ఒకసారి జవాబు దొరికింది. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

1853లో అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు మిషను మూసేద్దామా అని చర్చించారు. ఏళ్లు గడిచినా విశ్వాసుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు మరి. 1854 జనవరి 1న తెల్లవారకముందు మిషనరీలు జ్యూయెట్ దంపతులు, ఇంకో ముగ్గురు తెలుగువాళ్లు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటాం. ఆ ప్రార్థన తర్వాత ఏమైంది? పన్నెండేళ్లు ఏమీ కాలేదు. 1866లో గానీ తర్వాతి మిషనరీ క్లౌ దొర ఒంగోలు రాలేదు.

తర్వాత 1876–78 కరువు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతా ఆకలే. క్లౌ దొర మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేశాడు. కరువు పనిగా సర్కారు తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలవలో సుమారు మూడు మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది తవ్వారు. మా నాయనమ్మ వాళ్ల తాత కూడా తవ్వినవాడేనని మా ఇంట్లో చెప్పుకుంటారు. అక్కడ పనీ ఉంది, ప్రార్థనా ఉంది. వాన వచ్చేసినట్టు చెప్పండి అని మాత్రం ఎవర్నీ నిలబెట్టలేదు.

అసలు సంగతి ఇప్పుడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని, అంటే నీళ్లలో ముంచి విశ్వాసుల్లో చేర్చుకోమని, జనం ఎగబడ్డారు. ఆయన ఏడాదికి పైగా ఇవ్వనన్నాడు. కడుపు కాలుతున్నప్పుడు అన్న మాట ఆకలిదో విశ్వాసానిదో చెప్పిన మనిషికే తెలియదు. సాయం పనులు ముగిశాక రమ్మన్నాడు. ముగిశాక వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు.

అన్నయ్యా, ఆకలిలో ఉన్నవాడి చేత మాట ఇప్పించకూడదని ఒక మిషనరీకే తెలిసింది. నువ్విప్పుడు ఆ కాలవ గట్టు మీద ఉన్నావు. తవ్వు, ప్రార్థన చెయ్యి. సాక్ష్యం ఎక్కడికీ పోదు.

ప్రశ్నార్థకం (గురువారం, మధ్యాహ్నం 2:48)

మంచి కథ. ఒక చిన్న ముల్లు గుచ్చుతాను. సాయం ఆగాక వచ్చారు కాబట్టి ఆకలి కోసం రాలేదంటున్నారు. కరువులో కూలీ ఇచ్చి బతికించిన మనిషి మీద కృతజ్ఞత మాత్రం ఉండదా? వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరు వాళ్లని బావి దగ్గరికే రానివ్వలేదు, ఈయన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దాన్ని దేవుడి మీద నమ్మకం అనాలా, మనిషి మీద నమ్మకం అనాలా?

గుండ్లకమ్మ_మనవరాలు (గురువారం, మధ్యాహ్నం 3:02)

మా నాయనమ్మని అడిగితే రెండూ ఒకటే కదమ్మా అనేది. నాకు మీ ప్రశ్న చిన్నదనిపించట్లేదు, జవాబు నా దగ్గర లేదు.

కాకినాడ_అక్క (గురువారం, సాయంత్రం 5:25)

అయితే కడుపు నిండేదాకా దేవుడి పేరెత్తకూడదా? "అంజూరపు చెట్లు పూయకుండినను" అన్నవాడి సంగతేంటి మరి? చెట్టు పూయలేదు, దొడ్లో గొర్రెల్లేవు, అయినా ఆనందిస్తానన్నాడుగా.

లెక్కల_మాస్టారు (గురువారం, సాయంత్రం 5:50)

ఆ మాటన్న హబక్కూకు ప్రవక్త ఆనందిస్తానన్నాడు నిజమే. పూయలేదు అని కూడా ఆయనే అన్నాడమ్మా, దాన్ని దాచలేదు. పూసేసిందని చెప్పమనడమే నాకు అభ్యంతరం. అగ్నిగుండం ముందు నిలబడ్డ ముగ్గురు కుర్రాళ్లూ అంతే. రాజుతో, మా దేవుడు తప్పించగలడు, ఒకవేళ తప్పించకపోయినా నీ ప్రతిమకి మొక్కం అన్నారు. "ఒకవేళ" అన్నందుకు వాళ్ల విశ్వాసం తగ్గిందా?

డాలస్_టు_తెనాలి (గురువారం, రాత్రి 11:58)

నేనెప్పుడూ పోస్టు పెట్టను, చదివి వెళ్లిపోతుంటా. ఇవాళ నిద్ర పట్టలేదు.

మూడేళ్ల క్రితం అమెరికాలో నా ఉద్యోగం పోయింది. హెచ్-1బీ వర్క్ వీసా వాళ్లకి ఉద్యోగం పోయాక ఉండేది 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసాకి మారాలి, లేదా దేశం వదలాలి. ఇరవయ్యో రోజున మా తెలుగు సంఘంలో నాచేత ముందస్తు సాక్ష్యం చెప్పించారు. చెప్పాను, ఏడ్చాను, నిజంగానే నమ్మాను. అందరూ చప్పట్లు కొట్టారు. పాపకి ఆరేళ్లు, అదీ కొట్టింది.

యాభై ఏడో రోజున ఫ్లైటెక్కాం.

ఉద్యోగం రాకపోవడం పెద్ద దెబ్బ కాదు, తెనాలిలో అమ్మానాన్న ఉన్నారు, బతికాం. ఆ చివరి నెల సంఘంవాళ్లు ఫోన్లు తగ్గించేశారు. వాళ్ల మీద కోపం లేదు. నన్ను చూస్తే ఏమనాలో తెలియలేదు వాళ్లకి. నేను చెప్పిన సాక్ష్యానికి నేనే అడ్డమయ్యాను. ఎయిర్‌పోర్టులో పాప అడిగింది, "నాన్నా, దేవుడు ఇచ్చేశాడన్నావుగా?" అని.

ఇప్పటికీ ప్రతి ఆదివారం వెళతాను, పాడతాను. ఆ మైకు వైపు మాత్రం చూడను.

భద్రాద్రి_బాబు (శుక్రవారం, ఉదయం 7:12)

అన్నా, పాపకి ఏం చెప్పారు?

డాలస్_టు_తెనాలి (శుక్రవారం, ఉదయం 7:40)

నాన్న తొందరపడి చెప్పాడురా అన్నాను. ఇంకేం తోచలేదు.

మోడరేటర్ (శుక్రవారం, ఉదయం 10:00)

దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక) ఉద్యోగం లేనప్పుడు ఇవ్వాలా అన్న నాలుగు కామెంట్లు తీసేశాం. దానికి వేరే థ్రెడ్ ఉంది, ఇప్పటికే మూడొందల కామెంట్లున్నాయి, అక్కడ కొట్టుకోండి.

కాకినాడ_అక్క (శుక్రవారం, రాత్రి 9:45)

పొద్దున్నుంచి తెనాలి తమ్ముడి పోస్టు తీసి తీసి చదువుతున్నా.

నేను అలా బతికినదాన్నని మొదట్లో రాశా కదా, అది చెబుతా. 1996 నవంబరు 6 తుపాను. నాకు పదకొండేళ్లు. నాన్న బోటు మీద వేటకెళ్లాడు. ఆ రాత్రి పైకప్పు లేచిపోతుంటే అమ్మ మమ్మల్నందర్నీ కౌగిలించుకుని పాటలు పాడింది, మా ఆయన వచ్చేశాడు ప్రభువా, నీకు స్తోత్రం అని. మూడో రోజు నాన్న నడుచుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఏ కూడికలో నిలబెట్టినా ఈ సాక్ష్యమే చెబుతా. వినేవాళ్లు ఏడుస్తారు.

ఆ రాత్రి మాతోపాటు పక్కింటి అత్త కూడా ఉంది. వాళ్లాయనా వేటకే వెళ్లాడు. ఆమె కూడా పాడింది, అమ్మకంటే గట్టిగా. ఆయన రాలేదు.

ఈ ముక్క నేనెప్పుడూ సాక్ష్యంలో చెప్పలేదు. దాచాలని కాదు. సాక్ష్యంలో అది ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. అత్త ఆ తర్వాత కూడా చర్చికి వచ్చేది, మా వెనక వరసలో కూర్చునేది. నేను ముందుకెళ్లి చెబుతుంటే ఆమె ఎటు చూసేదో నేనెప్పుడూ చూడలేదు.

ప్రశ్నార్థకం (శుక్రవారం, రాత్రి 10:20)

వెనక బెంచీ గురించి నేను లెక్కలా రాశాను. క్షమించండి అక్కా.

ఉప్పల్_కుర్రోడు (శనివారం, సాయంత్రం 6:30)

ఇందాకే పాస్టరు గారింటికి వెళ్లొచ్చాను. సాక్ష్యం చెప్పలేనయ్యగారూ, ప్రార్థన మనవి చెబుతాను అన్నాను. ఉద్యోగం లేదనీ, భయంగా ఉందనీ, అందరూ ప్రార్థించమనీ. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పాస్టరమ్మగారు టీ తెచ్చారు. "సంఘం నీరసపడుతుందేమో బాబూ" అన్నారు చివరికి. ఒప్పుకున్నారో లేదో తెలీదు, వద్దని మాత్రం అనలేదు. రేపు పదమూడో కీర్తన చదువుతా. ఎన్నాళ్లు నన్ను మరిచిపోతావు అని మొదలవుతుంది కదా, అది. అమ్మ ఇంకా మాట్లాడట్లేదు.

కాకినాడ_అక్క (శనివారం, సాయంత్రం 6:52)

చదువు తమ్ముడూ. నా ప్రార్థన పుస్తకంలో మాత్రం నీ పేరు ఉద్యోగం వచ్చినవాళ్ల పేజీలోనే రాసుకున్నా. ఇది నీచేత చెప్పించట్లేదు, నేను నమ్ముతున్నా. నా వల్ల కాదు మారడం.

లెక్కల_మాస్టారు (శనివారం, సాయంత్రం 7:15)

రెజ్యూమె నాకు మెసేజ్‌లో పంపు బాబూ. మా మేనకోడలి ఆఫీసులో టెస్టింగ్‌లో ఒక ఖాళీ ఉందట. వస్తుందని చెప్పను. సోమవారం పొద్దున ఇస్తానని మాత్రం చెప్పగలను.