శ్రీనగర్ నుంచి గుల్మార్గ్‌కి డ్రైవర్‌తో కారు: జనవరిలో కుదురుతుందా?

ప్రశ్న (అమలాపురం): అమ్మానాన్న, ఇద్దరు పిల్లలతో వెళ్తున్నామండి. డ్రైవర్‌తో ఇన్నోవా మాట్లాడుకుంటే గుల్మార్గ్ హోటల్ గుమ్మం దాకా దింపుతాడా?

జవాబు (భీమవరం): దూరం 50 కిలోమీటర్లేనండి. చిక్కంతా కొండ కిందున్న టంగ్‌మర్గ్ ఊరి దగ్గర. అక్కణ్ణుంచి పైకి 13 కిలోమీటర్ల ఘాట్. మంచు బాగా పడితే చైన్లు (జారకుండా టైర్లకి చుట్టే గొలుసులు) లేని బండిని పైకి వదలరు. సామాను దించి, చైన్లు కట్టిన ఫోర్‌వీల్ డ్రైవ్ లోకల్ బండెక్కాలి, ఆ కిరాయి వేరు. అందుకే బేరంలోనే "టంగ్‌మర్గ్ వరకా, గుల్మార్గ్ వరకా? చైన్లున్నాయా?" అనడిగి వాట్సాప్‌లో రాయించుకోండి.

జవాబు (రాజోలు): చైన్లు ఇంజను తిప్పే చక్రాలకే కట్టాలి. ఇన్నోవాల్లో క్రిస్టా మోడల్‌కైతే వెనక, హైక్రాస్‌కైతే ముందు. కట్టి కాస్త దూరం నడిపాక ఆపి మళ్లీ బిగించాలి, వదులైతే లోపల బాడీకి కొట్టుకుంటాయి. తారు తేలిన చోట విప్పెయ్యాలి, లేదంటే అరిగి తెగుతాయి. తిరుగు ప్రయాణం మధ్యాహ్నమే పెట్టుకోండి. పగలు కరిగిన నీళ్లు చీకటిపడేసరికి రోడ్డు మీద అద్దంలా గడ్డకడతాయి. అక్కడ బ్రేకు గట్టిగా తొక్కితే, వానలో మన కాలవగట్టు రేగడి మీద జారినట్టే జారుతుంది. సెకండ్ గేర్‌లో మెల్లగా దిగాలి.

ప్రశ్న అడిగినవారు: మరి పెద్దవాళ్లకి గొండోలా (కేబుల్ కారు) ఫర్వాలేదాండి?

జవాబు (భీమవరం): మొదటి దశ, కొంగ్డూరి వరకూ చాలండి. రెండో దశ 3,900 మీటర్ల ఎత్తు దాటుతుంది, ఊపిరాడక ఇబ్బంది పడతారు. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే కొనాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, డ్రైవర్‌కి ఫోన్ చెయ్యాలంటే ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. కొబ్బరినూనె సీసాలో రాయిలా బిగిసిపోతుంది, వాజిలిన్ పట్టుకెళ్లండి.