పనిమనిషిని దొంగ అంటూ గ్రూపులో పెట్టిన వీడియో ఎలా తీయించాలి?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నిన్న రాత్రి ఒకాయన సీసీ కెమెరా క్లిప్ పెట్టారు. "ఈమె మా ఇంట్లో గొలుసు తీసింది, అన్ని గ్రూపుల్లో పెట్టండి" అని కింద రాశారు. క్లిప్‌లో ఉన్నది వాళ్ళింట్లో పనిచేసే ఆవిడ. లిఫ్ట్ ఎక్కుతోంది, అంతే! పోలీసు ఫిర్యాదు కూడా లేదు. పొద్దున్నే వేరే ఇంటివాళ్ళు ఆవిడని పనికి రావద్దన్నారట.

పెట్టినాయన పెద్దాయన, అసోసియేషన్‌లో పలుకుబడి ఉంది. గ్రూపులోనే అడిగితే దొంగని వెనకేసుకొస్తున్నావంటారు. పంపినవాళ్ళు అందరి ఫోన్లలోంచి డిలీట్ చేయడానికి సుమారు రెండున్నర రోజులే టైముంటుంది, అదీ నా టెన్షన్. అడ్మిన్ కూడా తీసేయొచ్చు కానీ ఆయన "నాకెందుకీ గొడవ" అంటున్నారు. ఇప్పటికే ఫార్వర్డ్ అయినవి ఎలాగూ పోవు.

రుజువు లేకుండా ఇలా ప్రచారం చేస్తే భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్ కింద పరువునష్టం కేసు కావచ్చు. ఆ మాటెత్తితే బెదిరించినట్టు ఉంటుందా? విడిగా మెసేజ్ పెట్టాలా, ఇంటికెళ్ళి మాట్లాడాలా? ఇలాంటిది తీయించినవాళ్ళుంటే ఏమని అడిగారో కాస్త చెప్పండి. ఇంకొకటి, ఆవిడకి స్మార్ట్‌ఫోన్ లేదు. వీడియో సంగతి ఆవిడకి చెప్పాలంటారా?