పార్ట్‌నర్ ఆలోచించాడు, నేను బిడ్ చేశాను: డైరెక్టర్‌ను పిలవడం మమ్మల్ని అనుమానించడం కాదా?

ఉత్తరం కుర్చీ:

చాలా ఏళ్లు ఇంట్లో రబ్బర్ బ్రిడ్జ్ (ఇద్దరిద్దరు జోడీలుగా ఒకే బల్ల దగ్గర ఆడే పేకాట) ఆడిన తరువాత, రెండు నెలలుగా ఒక క్లబ్‌లో డూప్లికేట్ (అవే ముక్కలను వేర్వేరు బల్లల వారు ఆడి స్కోర్లు పోల్చుకునే పద్ధతి) ఆడుతున్నాను. మొన్న జరిగిన ఒక సంఘటన నన్ను ఇంకా బాధిస్తోంది. బిడ్డింగును, అంటే ఏ రంగు తురుపుగా ఎన్ని ట్రిక్కులు (పట్లు) గెలుస్తామో పలికే వేలాన్ని, నేను ఒక ఇస్పేటుతో మొదలుపెట్టాను. ఎడమవైపు ఆటగాడు రెండు ఆఠీన్లు, నా పార్ట్‌నర్ రెండు ఇస్పేట్లు, కుడివైపు మూడు ఆఠీన్లు, నేను మూడు ఇస్పేట్లు, మళ్లీ ఎడమవైపు నుంచి నాలుగు ఆఠీన్లు. అప్పుడు నా పార్ట్‌నర్ దాదాపు అర నిమిషం ఆలోచించి పాస్ అన్నాడు. చేతిలో ఆరు ఇస్పేట్లు ఉన్నాయన్న ధైర్యంతో నేను నాలుగు ఇస్పేట్లు బిడ్ చేశాను. దానికి ప్రత్యర్థుల నుంచి డబుల్ (పందెం పెంచే సవాలు) వచ్చింది, ఒక ట్రిక్ తగ్గింది. మేము వల్నరబుల్ (బోనస్, జరిమానా రెండూ పెరిగే స్థితి) కాదు గనుక పోయింది 100 మాత్రమే. వల్నరబుల్‌గా ఉన్న ప్రత్యర్థులకు నాలుగు ఆఠీన్లు వచ్చి ఉంటే 620 దక్కేది.

ఆట ముగియగానే వారు డైరెక్టర్‌ను (నియమాల ప్రకారం తీర్పు చెప్పేవారిని) పిలిచారు. ఆయన విచారించి స్కోరును నాలుగు ఆఠీన్లకు మార్చారు. మా ఇద్దరి మధ్య ఏ సైగలూ లేవు. నలుగురిలో మమ్మల్ని మోసగాళ్లుగా నిలబెట్టినట్లు అనిపించింది. అదే రోజు నేను డమ్మీగా (ముక్కలు బల్ల మీద పరిచి, ఆటను పార్ట్‌నర్‌కు వదిలేసినవాడిగా) ఉన్నప్పుడు, ప్రత్యర్థి కళావరు ఉండి కూడా వేరే ముక్క వేశాడని గమనించి చెబితే, డమ్మీ మాట్లాడకూడదని నన్నే మందలించారు. తప్పు చేసినవారిని వదిలి, చెప్పినవారిని ఆపే మర్యాద ఎలాంటిదో తెలిసినవారు వివరించగలరు.

పాత తురుపు:

ఉత్తరం కుర్చీ గారూ, మొదట మీ పార్ట్‌నర్ విషయం. ఆయన ఆలోచించడం తప్పు కాదు. బ్రిడ్జ్ ఆలోచించి ఆడవలసిన ఆటే. అయితే చేతిలో ఏమీ లేనివారు నాలుగు ఆఠీన్ల మీద అర నిమిషం ఆలోచించరు. డబుల్ అనాలా, నాలుగు ఇస్పేట్లు అనాలా అన్న సందేహం ఆయనకు ఉందని ఆ నిశ్శబ్దమే బల్ల చుట్టూ ఉన్న అందరికీ చెప్పింది. దాన్ని ప్రత్యర్థులు తమ పూచీ మీద వాడుకోవచ్చు గానీ, మీరు మాత్రం వాడుకోకూడదు. ప్రపంచ బ్రిడ్జ్ సమాఖ్య 2017 నియమావళిలోని 16వ నియమం సారం ఇదే: మీ ముందు ఆలోచించదగిన మార్గాలు ఒకటికి మించి ఉన్నప్పుడు, పార్ట్‌నర్ తడబాటు సూచించిన మార్గాన్ని మీరు ఎంచుకోరాదు.

మీకు ఆరు ఇస్పేట్లు ఉన్న మాట నిజమే. కానీ ఆ ఆరో ఇస్పేటు కథను మూడు ఇస్పేట్లు అన్నప్పుడే చెప్పేశారు కదా. ఆ తరువాత మీ చేతిలో కొత్తగా మొలిచింది ఏమీ లేదు. తడబాటు సంగతి చెప్పకుండా మీ స్థాయి ఆటగాళ్లకు ఆ చేతిని, ఆ బిడ్డింగును చూపిస్తే, వారిలో చెప్పుకోదగినంత మంది పాస్ గురించి గట్టిగా ఆలోచిస్తారు, కొందరు పాస్ చేస్తారు కూడా. డైరెక్టర్లు చాలాసార్లు సరిగ్గా ఇలాగే నలుగురిని అడిగి తేల్చుకుంటారు. మీకు ఏడు ఇస్పేట్లు ఉండి, మరొక సూట్‌లో (రంగులో) ఐదు ముక్కలు ఉండి ఉంటే, మీ బిడ్ నిలిచేదేమో.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఈ నియమం మీ ఉద్దేశాన్ని అసలు అడగదు. సైగ చేశారా, మోసం చేశారా అన్న ప్రశ్నే దానికి అక్కరలేదు గనుక, స్కోరు మారినంత మాత్రాన మీ నిజాయితీ మీద తీర్పు వెలువడినట్లు కాదు. ఈ తేడా నాకు ఒంటబట్టడానికి మూడేళ్లు పట్టింది, అప్పటిదాకా నేనూ మీలాగే ముఖం ముడుచుకునేవాడిని.

డైరెక్టర్ బల్ల:

నేను ఒక క్లబ్‌లో డైరెక్టర్‌గా ఉంటాను, కాబట్టి మిగిలిన రెండు సంగతులు నేను చెబుతాను.

రబ్బర్ బ్రిడ్జ్‌లో మీ లాభనష్టాలు ఆ బల్ల దగ్గరే ముగుస్తాయి. డూప్లికేట్‌లో అదే బోర్డు (ఒకసారి పంచి అలాగే ఉంచిన ముక్కలు) పది బల్లల మీద ఆడుతున్నప్పుడు, మీ స్కోరును మీతో పాటు ఒకే దిక్కున కూర్చున్న జోడీలన్నింటి స్కోర్లతో పోల్చి మ్యాచ్ పాయింట్లు ఇస్తారు. కనుక మీకు రాకూడని లాభం వస్తే, దాని బరువు మీ ప్రత్యర్థులతో పాటు, మీరు ముఖం కూడా చూడని జోడీల మీద పడుతుంది. అందుకే "పరవాలేదు లెండి, కానిద్దాం" అని బల్ల దగ్గర నలుగురూ సర్దుకోవడానికి నియమావళి అంగీకరించదు. దిద్దుబాటును నిర్ణయించేది డైరెక్టరే. నష్టపోయిన పక్షం దయ చూపాలనుకుంటే, ఆ కోరికను కూడా డైరెక్టర్‌కే చెప్పుకోవాలి.

ఇక డమ్మీ. డిక్లేరర్ (తన ముక్కలు, డమ్మీ ముక్కలు రెండూ ఆడేవారు) సూట్ అనుసరించనప్పుడు "మీ దగ్గర కళావర్లు లేవా?" అని డమ్మీ ఆయనను అడగవచ్చు, డిఫెండర్‌ను (ప్రత్యర్థి జోడీలోని వారిని) మాత్రం అడగకూడదు. డిక్లేరర్ తన చేతికి బదులు డమ్మీ నుంచి, లేదా డమ్మీకి బదులు తన చేతి నుంచి, పొరపాటున ముక్క వేయబోతుంటే ముందుగా ఆపవచ్చు. తప్పు జరిగిపోయాక మాత్రం, ఆట ముగిసేవరకు దాన్ని ఎత్తిచూపే హక్కు డమ్మీకి లేదు. ఆడుతున్నది డిక్లేరర్ ఒక్కరే గనుక, గమనించే భారం కూడా ఆయనదే. మీరు చేయవలసిందల్లా ఆ ట్రిక్‌ను గుర్తుంచుకుని, పదమూడో ట్రిక్ పూర్తయ్యాక ముక్కలు కలపకముందే డైరెక్టర్‌ను పిలవడం. రివోక్ చేసిన (అడిగిన సూట్ ఉండి కూడా వేరే ముక్క వేసిన) ఆటగాడే ఆ ట్రిక్ గెలిచి, ఆ తరువాత కూడా అతని పక్షం ఒక్క ట్రిక్ అయినా గెలిచి ఉంటే రెండు ట్రిక్కులు మీ పక్షానికి వస్తాయి. రివోక్ చేసిన ఆటగాడు ఆ ట్రిక్ గెలవకపోయినా, అప్పటి నుంచి అతని పక్షం ఏదో ఒక ట్రిక్ గెలిచి ఉంటే ఒకటి వస్తుంది. అయితే మీ పక్షంలో ఎవరైనా తరువాతి బోర్డులో బిడ్డింగ్ మొదలుపెట్టారంటే ఈ మామూలు దిద్దుబాటు పోయినట్లే. అందుకే ఆడిన ముక్కలను వరుసగా, గెలిచినవి నిలువుగా, ఓడినవి అడ్డంగా ఉంచాలని క్లబ్బుల్లో అంతగా పట్టుబడతారు. ముక్కలు కలిపేసిన తరువాత రివోక్‌ను నిరూపించడం దాదాపు అసాధ్యం.

నాలుగో చెయ్యి:

పై ఇద్దరూ నియమం చెప్పారు, నేను ప్రత్యర్థుల వైపు నుంచి ఒక మాట అంటాను. మిమ్మల్ని బాధించింది తీర్పు కన్నా ఆ పిలుపు తీరేమోనని నా అనుమానం. చేయి గాలిలోకి ఎత్తి "డైరెక్టర్!" అని గద్దించడం 74వ నియమం కోరే మర్యాదకు విరుద్ధం. మీ పార్ట్‌నర్ పాస్ అనగానే "కొంత విరామం వచ్చింది కదా, అవసరమైతే తరువాత డైరెక్టర్‌ను పిలుస్తాము" అని మెల్లగా అని ఉంటే, మీరు కూడా ఔననేవారు, మీ బిడ్ వేసేముందు ఒక క్షణం ఆగి ఆలోచించేవారు. కొత్తవారితో ఆడేటప్పుడు ఈ సౌమ్యత పాతవారి బాధ్యత అని నేను నమ్ముతాను. బోర్డు అయిపోయాక దాని గురించి గట్టిగా చర్చించడం అంతకన్నా చెడ్డది. పక్క బల్ల వారు అదే బోర్డును ఇంకా ఆడవలసి ఉంటుంది.

ఉత్తరం కుర్చీ:

అందరికీ కృతజ్ఞతలు. పిలుపు తీరు గురించి మీరన్నది నిజమే. నా పార్ట్‌నర్‌కు కూడా ఈ చర్చ చూపించాను. ఆయన ఇంకొక సందేహం లేవదీశాడు. నా బిడ్‌కు అర్థం అడిగినప్పుడు ఆయన పొరపాటుగా వివరిస్తే, నేను వెంటనే సరిదిద్దవచ్చా?

డైరెక్టర్ బల్ల:

వెంటనే కాదు, ముఖంలో కూడా తెలియనివ్వకూడదు. ఆయన వివరణ వినలేదన్నట్లుగానే మీ బిడ్డింగ్ సాగించాలి. కాంట్రాక్ట్ (వేలంలో చివరికి నిలిచిన బిడ్) మీ పక్షానిదైతే, చివరి పాస్ తరువాత, మొదటి ముక్క తెరవకముందే డైరెక్టర్‌ను పిలిచి సరైన అర్థం చెప్పాలి. అప్పుడు, తప్పు వివరణ వల్లనే పాస్ చేశారని డైరెక్టర్‌కు తోస్తే, ప్రత్యర్థి తన చివరి పాస్‌ను మార్చుకోవడానికి ఆయన అనుమతించవచ్చు. మీరు డిఫెండర్లైతే మాత్రం ఆట పూర్తయ్యేవరకు ఆగాలి, లేకపోతే మీ దిద్దుబాటే మీ పార్ట్‌నర్‌కు మీ చేతిని చెప్పేస్తుంది. ఒకవేళ ఆయన వివరణ మీ ఒప్పందం ప్రకారం సరైనదే అయి, ఒప్పందాన్ని మరచిపోయి తప్పు బిడ్ వేసింది మీరైతే, సరిదిద్దవలసింది ఏమీ లేదు. ప్రత్యర్థులకు మీ ఒప్పందం తెలుసుకునే హక్కు ఉంది గానీ, మీ చేతిలో ఏముందో తెలుసుకునే హక్కు లేదు.