సూర్యుడిని, గ్రహణాలను పరిశీలించేవారు ముందుగా ఏ పుస్తకాలు చదవాలి?

ప్రశ్న: తెనాలి నుంచి ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. మా ఉన్నత పాఠశాలకు ఒక పూర్వ విద్యార్థి ఆరంగుళాల పరావర్తన దూరదర్శినిని బహూకరించాడు. చంద్రుడిని, గురుగ్రహాన్ని, శని వలయాలను చూపించడం అలవాటైంది గాని, రాత్రివేళ బడికి రాగలిగే పిల్లలు తక్కువ, అందులోనూ ఆడపిల్లలు మరీ తక్కువ. బడి నడిచే వేళలో ఆకాశంలో ఉండేది సూర్యుడే కనుక, ఆయననే క్రమం తప్పకుండా పరిశీలించే పద్ధతి ఒకటి మొదలుపెట్టాలని నా కోరిక.

భయం కూడా ఉంది. 2019 డిసెంబరు 26న పాక్షిక గ్రహణం చూడడానికి మా పిల్లలు కొందరు ఎక్స్‌రే ఫిల్ములు, ఒకరిద్దరు మసి పట్టించిన గాజుపెంకులు పట్టుకుని వచ్చారు. ఇంకొందరిని ఇంట్లోవాళ్లు గడప దాటనివ్వలేదు. తెచ్చినవన్నీ తీసుకుని పక్కన పెట్టి, అట్టముక్కకు గుండుసూదితో బెజ్జం చేసి, నేలమీద పడిన కొరికిన అప్పడం లాంటి బింబాన్ని చూపించాను. అంతకు మించి ఏం చేయవచ్చో, ఎక్స్‌రే ఫిల్ము ఎందుకు పనికిరాదో గట్టిగా చెప్పగలిగే చదువు అప్పటికి నాకు లేదు.

గ్రంథాలయానికి రెండు మూడు పుస్తకాలకు మించి కొనలేము. ఇంగ్లీషులో ఉన్నా ఇబ్బంది లేదు, నేను చదివి తెలుగులో చెబుతాను. సూర్యుడి గురించి ఒకటి, గ్రహణాల గురించి ఒకటి, పరిశీలన పద్ధతుల గురించి ఒకటి సూచించగలరా? మరో సందేహం కూడా ఉంది. హీలియం మూలకాన్ని 1868లో మన గుంటూరులోనే కనుగొన్నారని ఏటా పాఠంలో గర్వంగా చెబుతున్నాను. అది ఎంతవరకు సరైన మాట?

మొదటి సమాధానం: హైదరాబాదు నుంచి

మాస్టారికి నమస్కారం. మీరు మూడు పుస్తకాలు అడిగారు గాని, వాటి వరుసే అన్నిటికంటే ముఖ్యం. పరిశీలన పద్ధతుల పుస్తకం మొదట రావాలి. లీ మెక్‌డొనాల్డ్ రాసిన ‘హౌ టు అబ్జర్వ్ ద సన్ సేఫ్లీ’ అనే చిన్న పుస్తకాన్ని స్ప్రింగర్ సంస్థ ప్యాట్రిక్ మూర్ పేరిట నడిపే గ్రంథమాలలో ప్రచురించింది. ఇది 2003లో మొదటిసారి, 2012లో రెండోసారి వెలువడింది. దొరికితే రెండోదే తీసుకోండి. పాఠశాల కోసం ఒక్క పుస్తకమే కొనగలిగితే నా ఓటు దీనికే. సూర్యబింబాన్ని కాగితం మీదికి దింపడం, ముందువైపు వడపోత బిగించడం, మచ్చలను లెక్కించి నమోదు చేయడం వంటి పనులను చేతికి వచ్చేలా నేర్పుతుంది.

మీ ఎక్స్‌రే ఫిల్ము ప్రశ్నకు జవాబు ఇది. అది కంటికి కనిపించే వెలుగును తగ్గిస్తుంది గాని పరారుణ కిరణాలను సరిగ్గా ఆపదు. వెలుగు తగ్గింది కదా అని పిల్లవాడు ఎక్కువసేపు చూస్తాడు. కంటిలోని రెటీనాకు నొప్పి తెలిపే నాడులు లేవు కనుక, అది కాలిపోతున్న సంగతి చూసేవాడికి ఆ క్షణంలో తెలియదు. మసి గాజు సంగతీ అంతే. కళ్లద్దాలు కొంటే ఐఎస్‌ఓ 12312-2 ప్రమాణం ప్రకారం తయారైనవే కొనండి. అయితే ఆ కళ్లద్దాలు పెట్టుకుని దూరదర్శినిలోకి మాత్రం ఎవరినీ చూడనివ్వకండి. దూరదర్శినికి వడపోత ఎప్పుడూ గొట్టం ముందువైపునే ఉండాలి. పాత దూరదర్శినులతో ఐపీస్‌కు (కన్ను ఆనించి చూసే కటకానికి) బిగించే చిన్న నల్లటి గాజు ఒకటి వచ్చేది. అది వేడికి పగులుతుంది, కనుక మీ పెట్టెలో అలాంటిది ఉంటే ఈరోజే బయట పారేయండి. ఫైండర్‌కు (గురి చూసుకునే చిన్న దూరదర్శినికి) మూత పెట్టి, దాని మీద టేపు కూడా అంటించండి. పిల్లలు మొదట కన్ను పెట్టేది అక్కడే.

ఆరంగుళాల దర్పణంతో నేరుగా కాగితం మీద బింబాన్ని పడవేస్తే లోపలి చిన్న దర్పణం, ఐపీస్ వేడెక్కుతాయి. ఆ పనికి రెండంగుళాల చిన్న కటక దూరదర్శిని మేలు. మీ దానికి సౌర ఫిల్ము (సూర్యుడిని చూడడానికే తయారుచేసిన వడపోత పొర) తెచ్చి, అట్టతో చట్రం చేసి, గాలికి ఊడిపోకుండా బిగించండి. పెట్టే ముందు ప్రతిసారీ ఫిల్మును సూర్యుడి వైపు పట్టి సూదిబెజ్జాలు పడ్డాయేమో చూడడం మరిచిపోకండి.

నేను చేసే పని ఇది. తెల్లకాగితం మీద ఆరంగుళాల వ్యాసంతో వృత్తం గీసి, పలకకు క్లిప్పుతో బిగిస్తాను. బింబం అంచు సరిగ్గా గీతను తాకేలా కాగితాన్ని ముందుకు, వెనక్కు జరుపుతాను. దూరదర్శినిని కదపకుండా వదిలేస్తే ఒక మచ్చ తనంతట తాను జరిగిపోతుంది. అది జరిగిన దిక్కే పడమర, దాన్నిబట్టి మిగతా దిక్కులు రాసుకుంటాను. తర్వాత మచ్చల గుంపులను పదితో హెచ్చించి, విడి మచ్చల సంఖ్యను కలుపుతాను. మూడు గుంపుల్లో కలిపి పద్నాలుగు మచ్చలుంటే ఆ రోజు సంఖ్య 44. ఆరో తరగతి పిల్లలు కూడా చేయగలిగిన లెక్క ఇది. జర్మనీలోని దెస్సౌ పట్టణంలో మందుల వ్యాపారం చేసుకునే శ్వాబె, బుధుడికి లోపల మరో గ్రహం ఉందేమోనని 1826 నుంచి మచ్చలను గుర్తిస్తూ పోయి, 1843లో అవి సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతున్నాయని ప్రకటించాడు. వెతికిన గ్రహం దొరకలేదు గాని, ఈనాడు మనం పదకొండేళ్ల సౌరచక్రం అంటున్నది ఆయన నోటుపుస్తకాల నుంచి వచ్చిందే.

నేను 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ గ్రహణాన్ని విద్యార్థిగా జపాల్-రంగాపూర్ దగ్గర పొలంగట్టు మీద నిలబడి చూశాను. ఆ మధ్యాహ్నం దారి పొడవునా తలుపులు మూసిన ఊళ్లే తప్ప మనుషులు కనిపించలేదు. రెండు నిమిషాల ఆ దృశ్యాన్ని ఈనాటికీ మరువలేదు. అయినా నాకు ఖగోళశాస్త్రం నేర్పింది మాత్రం ఆ తర్వాత గీసిన రోజువారీ బొమ్మలే.

రెండో సమాధానం: డాలస్ నుంచి

పై పెద్దలు చెప్పిన వరుస సరైనదే. గ్రహణాలకు మాత్రం మార్క్ లిట్‌మన్, ఫ్రెడ్ ఎస్పెనాక్ తదితరులు రాసిన ‘టోటాలిటీ’ తీసుకోండి. 1991 నుంచి అనేక రూపాల్లో వచ్చింది. ఇటీవలివి 2017, 2024 అమెరికా గ్రహణాల కోసం తిరగరాసినవి కనుక వాటిలోని పటాలు మీకు పెద్దగా ఉపయోగపడవు. పాత ప్రతి తక్కువ ధరకు దొరికితే అదే చాలు. గ్రహణం ఎందుకు ప్రతి అమావాస్యకూ రాదు, ఛాయ నేలమీద ఎలా పరుగెడుతుంది, పూర్వం వివిధ దేశాలవారు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారు అనే విషయాలు కథలాగా సాగుతాయి.

2024 ఏప్రిల్ 8కి ముందు నేను ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివాను. చదివి ఉండకపోతే మా ఇంటి వెనుక పెరట్లో గడిచిన ఆ 3 నిమిషాల 50 సెకన్లలో సగం కెమెరాతో పోయి ఉండేవి. మబ్బుల మధ్య నుంచి సూర్యుడు నల్లని బిళ్లగా మారినప్పుడు, దాని కింది అంచున గులాబి రంగులో ఒక చిన్న మెరుపుచుక్క ఉత్త కంటికే కనిపించింది. అది సూర్యుడి అంచున వేల కిలోమీటర్ల ఎత్తున లేచిన వేడి వాయువు, అంటే సౌరశిఖ అని నాకు తెలుసు కనుక, పక్కనే ఉన్న మా అమ్మకు చూపించగలిగాను. చిన్నప్పుడు గ్రహణం పడితే మమ్మల్ని గదిలో కూర్చోబెట్టి, పెరుగు గిన్నెలో దర్భ వేసిన మనిషి ఆమె. ఆ రోజు ఆమె కళ్లద్దాలు తీసి తల పైకెత్తి, వెలుగు తిరిగి వచ్చేవరకు ఒక్క మాట మాట్లాడలేదు.

కళ్లద్దాలు తీయడం గురించి పిల్లలకు స్పష్టంగా చెప్పండి: బింబం పూర్తిగా మూసుకుపోయిన ఆ కొద్ది నిమిషాలలో మాత్రమే అది క్షేమం. పాక్షిక, వలయాకార గ్రహణాలలో ఒక్క క్షణం కూడా తీయకూడదు.

సూర్యుడి శాస్త్రానికి లియోన్ గోలబ్, జే పాసకాఫ్ కలిసి రాసిన ‘నియరెస్ట్ స్టార్’ను సూచిస్తాను. సమీకరణాలు లేకుండానే సూర్యగర్భంలోని కేంద్రక సంలీనం నుంచి కరోనా (సూర్యుడి బయటి వాతావరణం) వరకు తీసుకుపోతారు. ఆరువేల డిగ్రీలకు లోపు వేడి ఉన్న ఉపరితలం పైన కరోనా లక్షల డిగ్రీలు ఎలా వేడెక్కుతుంది అనే ప్రశ్న ఎందుకు అంత కష్టమైనదో నాకు ఈ పుస్తకం వల్లనే అర్థమైంది. 2014 నాటి రెండో ముద్రణ కొనండి. అది కూడా సూర్యుడిని పరిశీలించే మన దేశపు నౌక ఆదిత్య-ఎల్1 కంటే ముందుదే. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆ నౌక సంగతులు మీరే కలిపి చెప్పాలి.

మూడో సమాధానం: బెంగళూరు నుంచి

మాస్టారూ, ఖర్చు లేని పుస్తకం ఒకటి ఉంది. ఎస్పెనాక్, జాన్ మేయూస్ కలిసి నాసా కోసం 2006లో తయారుచేసిన ‘ఫైవ్ మిలీనియం కేనన్ ఆఫ్ సోలార్ ఎక్లిప్సెస్’ను అంతర్జాలం నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. ఐదువేల ఏళ్లలో వచ్చే 11,898 సూర్యగ్రహణాలకూ ఒక్కొక్క పటం ఇచ్చారు. వాటిలో పాక్షికాలు 4,200, వలయాకారాలు 3,956, సంపూర్ణాలు 3,173, రెండు లక్షణాలూ కలిసినవి 569. కూర్చుని చదివే పుస్తకం కాదు గాని, పిల్లల చేతికిస్తే గంటలు గడిచిపోతాయి.

ఒక అభ్యాసం ఇస్తాను. పైన పెద్దలు చూసిన 1980 ఫిబ్రవరి 16 గ్రహణాన్ని తీసి, దానికి 18 ఏళ్ల 11 రోజుల 8 గంటలు కలుపుతూ పొమ్మనండి. లీపు సంవత్సరాలను బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. 1998 ఫిబ్రవరి 26, 2016 మార్చి 9, 2034 మార్చి 20 వస్తాయి. దీన్ని సారోస్ చక్రం అంటారు. మిగిలిన ఆ ఎనిమిది గంటల్లో భూమి మూడోవంతు తిరిగిపోతుంది కనుక ఒకటి కరీబియన్ సముద్రం వైపు, మరొకటి ఇండోనేషియా మీదుగా వెళ్లాయి. మూడు చక్రాలు పూర్తయితే ఎనిమిది గంటలు మూడుసార్లు కలిసి ఒక రోజవుతుంది, అందుకే గ్రహణం మళ్లీ మన దేశానికి వస్తుంది. కాకపోతే దారి ఉత్తరానికి జరిగి, ఈసారి తెలంగాణ మీదుగా కాక లడఖ్ ప్రాంతం మీదుగా వెళుతుంది. నాకు ఈ లెక్క మొదటిసారి కుదిరిన రోజున కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది.

పంచాంగంలోని స్పర్శ, మధ్య, మోక్ష కాలాలను స్వయంగా గణించి సరిచూడాలనుకునే పెద్ద తరగతుల పిల్లలుంటే మేయూస్ రాసిన ‘ఆస్ట్రనామికల్ ఆల్గరిథమ్స్’ ఉంది. అది మాత్రం ఖరీదైనది, కఠినమైనది, ఇప్పుడే కొనకండి. రాహుకేతువులు చంద్రమార్గం సూర్యమార్గాన్ని ఖండించే రెండు బిందువులని ముందు బోర్డు మీద గీసి చూపితే చాలు.

నాలుగో సమాధానం: మచిలీపట్నం నుంచి

మీ హీలియం సందేహానికి మాత్రమే జవాబు రాస్తున్నాను, ఎందుకంటే మా బందరుకు కూడా అందులో వాటా ఉంది. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థకు చెందిన బిమన్ నాథ్ 2013లో ‘ద స్టోరీ ఆఫ్ హీలియం అండ్ ద బర్త్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్’ అనే పుస్తకం రాశారు. ఆంధ్రదేశంలోని ప్రతి విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడూ చదవదగినది.

1868 ఆగస్టు 18న మన ప్రాంతంలో ఐదు నిమిషాలకు పైగా సంపూర్ణ గ్రహణం పట్టింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్, బ్రిటిష్ అధికారి టెనెంట్ బృందం గుంటూరులో మకాం వేశారు. మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ బందరుకు వచ్చాడు. అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. ఈ చివరి పేరు మన పాఠాలలో కనిపించకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

సౌరశిఖలను వర్ణపటదర్శినితో (వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరంతో) చూసిన జాన్సెన్, అందులో కనిపించిన గీతలు ఎంత కాంతిమంతంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా కనబడాలి కదా అని ఊహించి, మరునాడు గుంటూరులోనే మామూలు ఎండలో వాటిని మళ్లీ చూశాడు. ఆయన అసలైన ఘనత అది. సౌరశిఖలను చూడడానికి గ్రహణం కోసం ఏళ్ల తరబడి కాచుకునే అవసరం ఆ రోజుతో తీరిపోయింది. ఇంగ్లండులో లాక్యర్ కూడా అదే పద్ధతిని స్వతంత్రంగా అక్టోబరులో సాధించాడు. ఇక పసుపురంగు గీత సోడియం గీతలతో సరిగ్గా కలవడం లేదని బందరులో పోగ్సన్ గమనించి తన నివేదికలో రాశాడు. అది భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ చెందదని లాక్యర్ తర్వాత తేల్చాడు. సూర్యుడికి గ్రీకులు పెట్టిన పేరు మీదుగా హీలియం అన్నారు. భూమి మీద రామ్సే దాన్ని వేరుచేసింది 1895లో.

కనుక “గుంటూరులో జాన్సెన్ హీలియం కనుగొన్నాడు” అనే వాక్యాన్ని మార్చవలసిందే. హీలియం కథ గుంటూరు, బందరు, లండన్ మూడింటిలోనూ నడిచింది, గ్రహణం లేని రోజున సౌరశిఖను చూసిన మొదటి చోటు గుంటూరు అని చెబితే సత్యమూ నిలుస్తుంది, మన ఊరి గౌరవమూ తగ్గదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. మెక్‌డొనాల్డ్ పుస్తకానికి, బిమన్ నాథ్ పుస్తకానికి ఈరోజే డబ్బు కట్టాను; ‘టోటాలిటీ’ పాత ప్రతి కోసం వెతుకుతున్నాను. నాసా పట్టికను దింపుకుని, 2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా వెళ్లే వలయాకార గ్రహణం పటాన్ని అచ్చు తీయించి తరగతి గోడకు అంటించాను. అప్పటికి ఇప్పటి ఆరో తరగతి పిల్లలు బడి దాటిపోతారు గాని, వాళ్లే ముందుగా రైలు ఖర్చుల లెక్క అడిగారు.

ఐపీస్‌కు బిగించే నల్లగాజు మా పెట్టెలో నిజంగానే ఉంది. పిల్లలందరికీ చూపించి, ఎందుకు వాడకూడదో చెప్పి, సుత్తితో పగలగొట్టాను. సౌర ఫిల్ము వచ్చేలోగా ఒక మిత్రుడి దగ్గర రెండంగుళాల కటక దూరదర్శిని అడిగి తెచ్చి, ఫైండర్‌కు మూత వేసి టేపు అంటించి, ఈ ఉదయం పది గంటలకు ఆరంగుళాల వృత్తం మీదికి బింబాన్ని దింపాము. కాగితం మీద ఉన్నది దుమ్మో మచ్చో తేల్చుకోవడానికి ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె కాగితాన్ని మెల్లగా పక్కకు కదిపింది. రెండు చుక్కలు కాగితంతో పాటు కదిలాయి, మూడు కదలలేదు. ఆ మూడింటినీ పెన్సిలుతో గుర్తించి, తేదీ, సమయం వేసి, ఆమె చేతే సంతకం పెట్టించాను.