గులాబీ రంగు పురుగు బీటీకి "అలవాటు పడింది" అనడం సరైనదేనా?

ప్రశ్న: బీటీ పత్తిలోనూ గులాబీ రంగు పురుగు చావడం లేదు. విషం తిని తిని అలవాటు పడిపోయిందని మా ఊళ్ళో అందరి మాట. పరిణామం అంటే ఇదేనాండీ? రెండేళ్లు బీటీ ఆపి వేస్తే ఆ అలవాటు పోతుందా?

జవాబు 1: ఏ పురుగూ అలవాటు పడదండీ. బీటీ పత్తి మొక్క తనలోనే తయారుచేసుకునే క్రై1ఎసి అనే విషం పనిచేయాలంటే పురుగు పేగు గోడలో ఉండే క్యాడెరిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కోవాలి. ఏ కొన్ని పురుగుల్లోనో ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువు పుట్టుకతోనే తేడాగా ఉంటుంది, విషం అతుక్కోదు. మిగతావి పిల్లలు పెట్టకుండానే చస్తాయి, ఇవి బతికి గుడ్లు పెడతాయి. మారేది పురుగు కాదు, మందలో ఇలా తట్టుకునేవాటి వాటా. పరిణామం అంటే ఇదే. మన దేశంలో బీటీ పత్తి 2002లో వచ్చింది. 2008లో గుజరాత్‌లోని అమ్రేలీలో సేకరించిన పురుగులు క్రై1ఎసిని తట్టుకున్నాయి.

జవాబు 2: పై జవాబుకు ఒక్క మాట చేర్చాలి. విషం వచ్చింది కాబట్టి ఆ మార్పు పుట్టలేదు, అంతకుముందే అరుదుగా ఉంది. బ్యాక్టీరియాలో ఈ సంగతిని శాస్త్రవేత్తలు లూరియా, డెల్‌బ్రుక్ 1943లోనే చూపించారు.

గతంలో 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చింది ఇందుకే. తట్టుకునే గుణం బయటపడాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువు రావాలి. చుట్టూ ఐదు సాళ్ళు నాన్ బీటీ ఉంటే అక్కడ మామూలు పురుగులు బతికి, ఈ అరుదైన వాటితో జతకడతాయి. పిల్లలకు ఒక్క కాపీయే వస్తుంది కాబట్టి బీటీ తింటే చాలావరకు చస్తాయి. నాన్ బీటీ పూత బీటీ పూతతో కలవకపోతే ఈ జతలు కుదరవు. ఆ చిన్న ప్యాకెట్‌ను పారేసిన చోట్ల పెద్ద నష్టమే జరిగింది. పైగా మనవి రెండు రకాలను కలిపి చేసిన హైబ్రిడ్లు, విషం జన్యువు ఒకవైపు నుంచే వస్తుంది: కాయలోని గింజల్లో సుమారు నాలుగో వంతులో క్రై1ఎసి ఉండదు. గింజలు తినే పురుగుకు అంతకన్నా ఏం కావాలి!

జవాబు 3: బీటీ ఆపితే పురుగు "మరిచిపోవడం" ఉండదు. విషం లేనప్పుడు తట్టుకునేవి మిగతావాటికంటే వెనకబడితేనే వాటి వాటా తగ్గుతుంది, అదీ మెల్లగా. ఈలోపు తరాల సంఖ్య తగ్గించండి. డిసెంబరుకల్లా పంట ముగించి, మోళ్ళు పీకి ముక్కలు చేయండి. చివరి తరం పురుగు గింజల్లో, రాలిన కాయల్లో సుప్తావస్థలో (నిద్రలాంటి స్థితిలో) దాక్కుంటుంది. లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టేది) వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితేనో, పదో వంతు పూలు గుడ్డి పూలైతేనో (లోపల పురుగు ఉండి రేకులు విచ్చుకోనివి) మందు కొట్టాలి. ప్రతిసారీ అదే మందు కొడితే ఆ మందును తట్టుకునేవే మిగులుతాయి.