కష్టాన్ని తట్టుకునే శక్తి నేర్పితే వస్తుందా?

చుక్కాని
అయినవాళ్లు పోవడం, ఉద్యోగం ఊడటం, ప్రమాదం, పెద్ద జబ్బు... ఇలాంటివి మీద పడ్డప్పుడు కొందరు నిలదొక్కుకుంటారు, కొందరు కుంగిపోతారు. ఆ నిబ్బరం నేర్పితే వస్తుందా అన్నది ప్రశ్న. వస్తుందనే నా వాదన, కాకపోతే ధైర్యవచనాలతో కాదు, పనులతో. ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ల 'ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్' పద్ధతినే తీసుకోండి. ఐదు సెషన్లు, ఒక్కోటి గంటన్నర. నడిపేవాళ్లు డాక్టర్లే కానక్కర్లేదు, శిక్షణా పైన ఒకరి పర్యవేక్షణా ఉంటే చాలు. ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం, ఒక్క సమస్యను పట్టుకుని తేల్చుకోవడం, ఆగిపోయిన పనులు మళ్లీ మొదలుపెట్టడం, నలుగురి తోడు కూడగట్టుకోవడం, ఇంతే అందులో ఉన్నది. పెషావర్‌లో 346 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. మూడు నెలల తర్వాత చూసినా, మామూలు చికిత్స పొందినవాళ్లకంటే వీళ్లలో ఆందోళన, దిగులు తక్కువగా ఉన్నాయి.

రెండోగట్టు
చుక్కాని గారూ, ఎక్కువమందికి ఏ శిక్షణా అక్కర్లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ బొనానో 2004 నుంచీ చెబుతున్నది అదే. 2018లో 54 అధ్యయనాలను కలిపి చూస్తే, పెద్ద దెబ్బ తగిలినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది పెద్దగా తూలిపోకుండానే సాగిపోయారని తేలింది. అక్కర్లేనివాళ్ల మీద సాయం రుద్దితే చెడు కూడా జరుగుతుంది. 'డీబ్రీఫింగ్' సంగతి గుర్తుచేసుకోండి. ఘటన జరిగిన 24 నుంచి 72 గంటల్లోపు అందరినీ కూర్చోబెట్టి, ఏం జరిగింది, ఏమనిపించింది అని ఏడు దశల్లో చెప్పించేవారు. కాలిన గాయాలతో ఆస్పత్రిలో చేరినవాళ్ల మీద ఇదే తరహా సెషన్ ఒక్కటి చేసి చూశారు, 1997లో ఫలితాలు వచ్చాయి. 13 నెలల తర్వాత పీటీఎస్‌డీ (ఘోరం చూశాక వదలని మానసిక గాయం), డీబ్రీఫింగ్ అయినవాళ్లలో 26 శాతం, కానివాళ్లలో 9 శాతం.

అంకెలబడి
ఆ మూడింట రెండు వంతుల లెక్కను అంత గట్టిగా పట్టుకోకండి. ఇన్‌ఫర్నా, లూథర్ అనే మనస్తత్వ పరిశోధకులు 2016లో దాన్ని తిరగదోడారు. మనుషుల్ని గుంపులుగా విడగొట్టే గణిత నమూనాలో, ప్రతి గుంపులోనూ ఎగుడుదిగుళ్లు ఒకే మోతాదులో ఉంటాయని ముందే అనుకుంటారు. ఆ ఊహ తీసేస్తే 'తట్టుకున్నవాళ్ల' వాటా బాగా పడిపోయింది. డేటా మారలేదు, ఊహ ఒక్కటే మారింది.

రెండోగట్టు
అది జీవిత సంతృప్తి కొలిచిన డేటా. భర్త పోయిన మనిషి సంతృప్తి తగ్గిందని చెప్పినంత మాత్రాన కుంగిపోయినట్టు కాదు. దిగులు లక్షణాలు కొలిచిన అధ్యయనాలు వేరు.

అంకెలబడి
అంటే ఏది కొలిస్తే దాన్నిబట్టి జవాబు మారుతోందని మీరే ఒప్పుకున్నారు. ఒక మనిషి నిద్రపోతూ, ఉద్యోగానికి వెళ్తూ, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకపోతే తట్టుకున్నట్టా, లేనట్టా? ఒక్క గీటురాయితో తేల్చడం కుదరదు.

తెల్లకాగితం
శాతాలు కాసేపు పక్కన పెడతారా? నిన్ననే మనిషిని పోగొట్టుకున్నవాళ్ల దగ్గరకు వెళ్తే ఏం చేయాలి? అది చెప్పండి ముందు.

చుక్కాని
మొదటి రోజుల్లో శిక్షణ మాటే ఎత్తకూడదు, ఇక్కడ రెండోగట్టు గారితో నాకు తగువు లేదు. చూడు, విను, కలుపు, ఈ మూడే. ప్రమాదం ఇంకా పొంచి ఉందా, తిండీ నీళ్లూ మందులూ అందుతున్నాయా చూడాలి. వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి, వివరాలు గుచ్చి గుచ్చి అడగకూడదు. తర్వాత వాళ్ల మనుషులతో, కావలసిన సేవలతో కలపాలి. 'ఏడవకు, గట్టిగా ఉండు' అనొద్దు. ఆ మాట విన్నవాళ్లు మన ముందు ఏడవడం మానేస్తారు, అంతకుమించి ఏమీ జరగదు.

వారాలు గడిచినా మనిషి పనుల్లో పడలేకపోతుంటే అప్పుడు కాగితం తీయాలి. ఉద్యోగం పోయిన మనిషినే అనుకుందాం. కష్టాలన్నీ రాయించి రెండు గడులుగా విడగొట్టాలి: తన ప్రయత్నంతో ఎంతో కొంత కదిలేవి, కదలనివి. కదిలేవాటిలో చిన్నదాన్ని ఎంచుకోవాలి. 'అప్పులు' అని రాస్తే పని జరగదు. 'వచ్చే వాయిదా కట్టలేనని అప్పిచ్చినవాళ్లకు ముందే చెప్పి గడువు అడగాలి' అని రాయాలి. మంచీ చెడూ చూడకుండా తోచిన దారులన్నీ రాయించి, అందులో ఒకటి పట్టుకుని, ఏ రోజు, ఎన్నింటికి, పక్కన ఎవరుంటారు అన్నదాకా తేల్చాలి. తర్వాతి వారం ఏమైందో చూసుకోవాలి.

చెడేది ఎక్కువగా మూడు చోట్ల. అన్నిటికంటే పెద్ద సమస్యతో మొదలుపెడతారు, ఏ రోజో, ఎన్నింటికో రాయరు, లేదంటే సాయం చేసేవాళ్లే పరిష్కారం చెప్పేస్తారు. మూడోది మరీ చెడ్డది, ఎందుకంటే పని అయినా 'నేను చేశాను' అన్న నమ్మకం ఆ మనిషికి రాదు. ఒక హెచ్చరిక: ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉన్నవాళ్లకు ఈ కాగితం సరిపోదు. ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యుల దగ్గరకు తీసుకెళ్లాలి.

తెల్లకాగితం
ధన్యవాదాలండీ. ఇది పనికొచ్చేది.

మూడోషిఫ్టు
ఈ కాగితాలు చూసి చూసి విసిగిపోయాం. ఆస్పత్రుల్లో ఇద్దరు చేయాల్సిన డ్యూటీ ఒక్కరికి వేస్తారు, సెలవులు కోస్తారు, మనిషి నీరసించాక గంటసేపు 'రెసిలియెన్స్' (నిబ్బరం) క్లాసు పెట్టి హాజరు వేయించుకుంటారు. పై అధికారుల దస్త్రంలో 'సిబ్బంది సంక్షేమం' అని టిక్కు పడుతుంది, డ్యూటీ చార్టు మాత్రం మారదు. చుక్కాని గారూ, మీలాంటివాళ్ల శిక్షణ వాళ్లకి బాగా అక్కరకొస్తోంది.

చుక్కాని
మీలాంటివాళ్లు అనకండి. నేను రాసింది ఇల్లు కూలినవాళ్ల గురించి, మనిషిని పోగొట్టుకున్నవాళ్ల గురించి. మీ డ్యూటీ చార్టు ఇందులోకి ఎలా వచ్చింది?

మూడోషిఫ్టు
వస్తుంది. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవల మధ్య పెరిగినవాళ్లలో కూడా మూడో వంతు పిల్లలు చక్కగా ఎదిగారని అందరూ చెబుతారు. వాళ్లలో చాలామందికి ఇంట్లోనో బయటో ఆదుకున్న పెద్దమనిషి ఒకరు ఉన్నారన్నది గబగబా దాటేస్తారు. ఆ పెద్దమనిషి పిల్లాడి గుండెల్లో లేడు, పక్కన ఉన్నాడు. నిబ్బరం మనిషి లోపల ఉందన్నప్పుడల్లా పక్కన ఉండాల్సినవాళ్లు తప్పుకుంటున్నారు.

రెండోగట్టు
ఇది నేను అన్నదానికి దగ్గరే. నేర్పడం కంటే అడ్డు తీయడం ముఖ్యం.

మూడోషిఫ్టు
దగ్గర కాదు. ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే కోలుకుంటారన్న మీ మాటను కూడా అదే అధికారులు వాడుకుంటారు. మీరు వదిలేయమంటున్నారు, ఆయన నేర్పమంటున్నారు. కష్టం పెట్టినవాళ్లను ఇద్దరూ అడగడం లేదు.

చుక్కాని
సరే, అడుగుదాం. జవాబు వచ్చేసరికి ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఆ మనిషి ఏం చేయాలి? సెలిగ్‌మన్, మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1960ల్లో కుక్కల మీద ప్రయోగాలు చేసి, నిస్సహాయత అనేది అనుభవంతో నేర్చుకునేదని అన్నారు. 2016లో వాళ్లే దాన్ని తిరగరాశారు. ఎడతెగని బాధలో చతికిలపడటం మెదడుకు సహజమట, నేర్చుకోవాల్సింది 'నా చేతిలో కొంత ఉంది' అన్నదట. అందుకే చిన్న పనితో మొదలుపెట్టిస్తాను. అది లేకపోతే మీరనే ప్రశ్న అడగడానికి కూడా ఆ మనిషి లేవలేడు.

అంకెలబడి
ఈ మాటతో ఏకీభవిస్తాను. కొలతలు మాత్రం రెండూ కావాలి: మనిషి ఎంత మారాడు, చుట్టూ ఉన్నది ఎంత మారింది. పరీక్షల్లో మొదటిదే ఎక్కువగా కొలుస్తారు.

మూడోషిఫ్టు
అయితే మీ కాగితంలో 'కదలనివి' అన్న గడి చూపించండి. ఆగిపోయిన జీతం, తగ్గించిన సిబ్బంది, పరిహారం కాగితాలు అన్నీ అందులోనే పడతాయి కదా? అవి బాధపడేవాడికి కదలనివి, సంతకం పెట్టాల్సినవాడికి కావు. ఆ గడి పక్కన 'ఎవరి చేతిలో ఉంది' అని ఇంకో గడి గీయించండి.

చుక్కాని
గీయొచ్చు, ఒప్పుకుంటాను. కానీ మొదటి రెండు సెషన్లలో దాన్ని ఖాళీగానే ఉంచుతాను. నిద్ర లేక కూర్చోలేని మనిషి చేత అధికారి పేరు రాయిస్తే, ఇంటికెళ్లి రాత్రంతా దాన్నే తలుచుకుంటాడు.

మూడోషిఫ్టు
ఇప్పుడు కూడా రాత్రంతా తనలో ఏం లోపముందోనని తలుచుకుంటూనే ఉన్నాడండీ. మొదటి సెషన్లోనే రాయించండి.