మూడు షిఫ్టుల ఫ్యాక్టరీలో ఉద్యోగుల బృందాలు ఎందుకు నిలబడవు?

పరవాడ_బిషిఫ్ట్:
విశాఖ దగ్గర పరవాడ వైపు ఫార్మా ఫ్యాక్టరీ, 400 మంది. ఏ (ఉదయం), బి (మధ్యాహ్నం), సి (రాత్రి) షిఫ్టులు వారం వారం మారతాయి. సేఫ్టీ, పుస్తకాలు, క్రికెట్ బృందాలు పెట్టాం. మొదటి మీటింగుకి 60 మంది, నాలుగోదానికి 7. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మలే మిగిలాయి. టీ, సమోసా పెడితే జనం నిలుస్తారా?

గాజువాక_లైన్:
సమోసాకి వచ్చినవాళ్లు సమోసాతోనే వెళ్తారండి. ముందు బస్సు చూడండి. ఏ షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి దిగి, బస్సు 2:15కి కదిలితే, మధ్యలో మీటింగుకి ఎన్‌ఏడీ, మద్దిలపాలెం లాంటి దూరాల నుంచి వచ్చేవాళ్లెవరూ ఆగరు. అదే విషయాన్ని రెండు విడతలుగా నడపండి: ఏ షిఫ్టుకి 1:15 నుంచి అరగంట, బి షిఫ్టుకి సాయంత్రం టీ విరామానికి కలిపి. రెండూ డ్యూటీ సమయంలోనే.

ఇంకో మెలిక ఉంది. మూడు వారాలకోసారి పెట్టకండి. షిఫ్టుల చక్రం కూడా మూడు వారాలే కాబట్టి ప్రతిసారీ ఒకే బ్యాచ్ నైట్‌లో ఉండిపోతుంది. రెండు వారాలకోసారైతే ఆ వంతు మారుతుంది.

కొత్తరోడ్డు_సర్కిల్:
పైది సరే, కానీ వచ్చాక చెయ్యడానికి పని ఉండాలి కదా! క్వాలిటీ సర్కిల్ పద్ధతి చూడండి, అంటే పనిచోట ఇబ్బందుల్ని కార్మికులే కూర్చుని తేల్చుకునే చిన్న బృందాలు. జపాన్‌లో 1962లో మొదలైంది, మన దగ్గర 1980ల తొలినాళ్లలో హైదరాబాద్ బీహెచ్ఈఎల్‌లో వేళ్లూనుకుంది. ఒకే సెక్షన్‌లో 6 నుంచి 10 మంది, ఇష్టపడి వచ్చినవాళ్లే, సమస్యనీ లీడర్‌నీ వాళ్లే ఎంచుకుంటారు. డ్రమ్ము ఎత్తేచోట నడుం నొప్పి, వాల్వ్ కారడం, ఇలాంటివి.

ఇలాంటి బృందం చచ్చేది ఎక్కడంటే, సూచన ఇచ్చాక జవాబు రాకపోవడం దగ్గర. 15 రోజుల్లో అవుననో, కాదనో, కారణంతో సహా క్యాంటీన్ బోర్డు మీద పెట్టించండి. "కాదు" అన్నా ఫర్వాలేదు, మౌనమే ప్రమాదం. జీతాలు, ప్రమోషన్లు ఇందులోకి రానివ్వకండి. అవి యూనియన్ మాట్లాడే విషయాలు. కలిపేస్తే యూనియన్ దీన్ని పోటీగా చూస్తుంది.

పరవాడ_బిషిఫ్ట్:
రియాక్టర్ దగ్గర మనిషిని వదలడం కుదరదు. కాంట్రాక్టు వాళ్ల సంగతి?

గాజువాక_లైన్:
రియాక్టర్ దగ్గర రిలీవర్, అంటే బదులు నిలబడే మనిషి, ఉంటేనే రమ్మనండి, లేకపోతే వచ్చేసారికి. కాంట్రాక్టు వాళ్లకి ఆ అరగంట కూలి కోయబోనని కాంట్రాక్టర్ దగ్గర ముందే రాయించుకోండి, లేదంటే రారు. వాట్సాప్‌లో అడ్మిన్లు మాత్రమే రాసే గ్రూపు ఒకటి, కబుర్లకి ఒకటి. లీడర్లు ఇద్దరు, వేర్వేరు బ్యాచ్‌ల నుంచి. తలలు లెక్కపెట్టకండి, పోయినసారి వచ్చినవాళ్లలో మళ్లీ ఎందరొచ్చారో రాసుకోండి. క్రికెట్‌ని మాత్రం దాని మానాన వదిలెయ్యండి, దానికి మీటింగులే అక్కర్లేదు.